వెబ్ ఆప్షన్లు పెట్టిన చేత్తోనే: అమెరికా డెంటల్ రెసిడెన్సీ ఇంటర్వ్యూల గురించి

(విశాఖపట్నంలో బీడీఎస్ ఇంటర్న్‌ల కోసం ఏర్పాటు చేసిన సభలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం. చివర్లో ప్రశ్నలు, జవాబులు కొన్ని ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. వెనక వరుసకి వినిపిస్తోందా? సరే. భోజనాల తర్వాత నా ప్రసంగం పెట్టారంటే నిర్వాహకులకి నా మీద పాత కక్ష ఏదో ఉండాలి. నిద్ర వస్తే పడుకోండి, గురక మాత్రం పెట్టకండి.

నేను బీడీఎస్ చదివింది ఈ ఉత్తరాంధ్రలోనే. తర్వాత అమెరికా వెళ్లి పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్ చేశాను. ఒక క్లినిక్‌లో డెంటల్ అసిస్టెంటుగా సక్షన్ పట్టుకున్నాను. రెసిడెన్సీకి, అంటే డిగ్రీ తర్వాత చేసే శిక్షణకి, రెండుసార్లు అప్లై చేస్తే రెండోసారి జీపీఆర్ (జనరల్ ప్రాక్టీస్ రెసిడెన్సీ) వచ్చింది. ఈ రోజు ఎక్కువగా ఆ మొదటిసారి గురించే మాట్లాడతాను. రెండోసారి రావడంలో కొంత అదృష్టం ఉంది. మొదటిసారి పోగొట్టుకోవడంలో మాత్రం అంతా నా స్వయంకృషే.

ముందు ఒకటి అడుగుతాను. ఎంసెట్‌కో నీట్‌కో వెబ్ ఆప్షన్లు పెట్టనివాళ్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? లేరు. ఆ రాత్రి గుర్తుందా? నెట్ సెంటర్లో మీరు, పక్కన నాన్న, ఫోన్లో మావయ్య. "పోయినేడు ఈ ర్యాంకుకి ఆ కాలేజీ రాలేదు, దాన్ని పైన పెట్టి ఆప్షన్ పాడుచేసుకోకు" అని మావయ్య గట్టిగా చెబుతుంటారు. ఆ మాట మనసులో పెట్టుకోండి, తర్వాత దానితో పని ఉంది.

మన చదువంతా ర్యాంకుతోనే నడిచింది. పీజీ సీట్లకి రాసే నీట్ ఎండీఎస్ కూడా అంతే, సీటిచ్చేవాళ్లు మన ముఖం చూడరు, మనమూ వాళ్లని ఏమీ అడగం. తెలిసిన సీనియర్ ఉంటే ఫోన్ చేసి "అక్కా, అక్కడ పీజీల చేత కేసులు చేయిస్తారా?" అని కనుక్కుంటాం, అంతే. అమెరికాలో అలా కాదు. వాళ్లు పిలుస్తారు, గంటలకొద్దీ మాట్లాడతారు, చివర్లో "మీరేమైనా అడగాలనుకుంటున్నారా?" అంటారు. సరిగ్గా అక్కడే నేను బోల్తాపడ్డాను.

ఏ రెసిడెన్సీ ఏమిటో చాలామందికి తెలుసు కాబట్టి గబగబా చెప్పేస్తాను. జీపీఆర్, ఏఈజీడీ (అడ్వాన్స్‌డ్ ఎడ్యుకేషన్ ఇన్ జనరల్ డెంటిస్ట్రీ) రెండూ జనరల్ డెంటిస్ట్రీలో ఏడాది శిక్షణలు. కొన్నిచోట్ల రెండో ఏడాది కూడా ఉంటుంది. జీపీఆర్ ఎక్కువగా హాస్పిటల్లో, ఏఈజీడీ ఎక్కువగా డెంటల్ స్కూల్లోనో క్లినిక్‌లోనో నడుస్తుంది. పీడో (పిల్లల పళ్లు) రెండేళ్లు, పెరియో (చిగుళ్లు), ప్రోస్తో (కట్టుడు పళ్లు) దాదాపు మూడేళ్లు. ఓరల్ సర్జరీ నాలుగేళ్లు, ఎండీ డిగ్రీతో కలిపితే ఆరు. అప్లికేషన్ పాస్ అనే ఒకే పోర్టల్ ద్వారా పంపుతారు. డీడీఎస్‌లో, అంటే అక్కడి దంతవైద్య డిగ్రీలో, నేరుగా చేరే అడ్వాన్స్‌డ్ స్టాండింగ్‌కి క్యాపిడ్ అని వేరే పోర్టల్ ఉంది. ఈ రెండింటినీ కలిపేసి నన్ను అడిగేవాళ్లు వారానికి ఇద్దరు తగులుతారు. క్యాపిడ్‌లో ఇంటర్వ్యూతో పాటు చాలా స్కూళ్లు బెంచ్ టెస్టు పెడతాయి, టైపోడాంట్ అనే నకిలీ పళ్ల నమూనా మీద క్రౌన్ ప్రిపరేషన్ చేసి చూపించాలి. ఈ రోజు నా మాటలు పాస్ గురించే.

అక్కడి లైసెన్సుకి కావాల్సిన బోర్డు రాత పరీక్ష సంగతి కూడా ఒక ముక్క. 2020 ఆగస్టు నుంచి ఐఎన్‌బీడీఈ అనే పరీక్ష వచ్చింది. రెండు రోజులు, 500 ప్రశ్నలు. ఫలితం పాసా ఫెయిలా అనే ఇస్తారు, మార్కులు కనపడవు. మనకి ఇది పెద్ద మార్పు. 2012కి ముందు, పాత బోర్డు పరీక్షలో మనవాళ్లు 95, 97 అని స్కోర్లు చూపించుకునేవాళ్లు. ఇప్పుడు చూపించడానికి ఆ అంకె లేదు కాబట్టి ఇంటర్వ్యూ బరువు పెరిగింది.

ఇక నా కథ. మొదటి ఏడాది నాలుగు ఇంటర్వ్యూలు వచ్చాయి. టెన్షన్‌తో మూడు పేజీల జవాబులు రాసుకుని బట్టీ పట్టాను. మనకి బట్టీ పట్టడం రాదా! "డెంటిస్ట్రీ ఎందుకు?" అంటే మా తాతగారి కట్టుడు పళ్ల కథ. ఆయన చాలా ఏళ్ల తర్వాత జంతిక కొరికి నవ్వారని, ఆ నవ్వు చూసి నేను డాక్టరవ్వాలనుకున్నానని. కథ కొంత నిజమే. తర్వాత జీపీఆర్ చేస్తున్నప్పుడు నేనే అప్లికేషన్లు చదివే కమిటీలో కూర్చున్నాను. ఒక్క సీజన్‌లో నాకు పదకొండు మంది తాతగార్లు తగిలారు. అందరూ ఏదో ఒకటి కొరికి నవ్వారు.

"మీ బలహీనత ఏమిటి?" అంటే "నేను మరీ ఎక్కువ కష్టపడతాను" అన్నాను. ఎదురుగా కూర్చున్న పెద్దాయన పెన్ను కింద పెట్టేశారు. అప్పుడు అర్థం కాలేదు, ఇప్పుడు అర్థమవుతోంది. ఇంకోచోట "మీరు చేసిన పొరపాటు ఒకటి చెప్పండి" అన్నారు. మన చదువులో పొరపాటు ఒప్పుకుంటే లాగ్‌బుక్ మీద సంతకం పడదు కదా! నాకు తెలిసిన ఆత్మరక్షణ ఒకటే: "పెద్ద పొరపాట్లేమీ జరగలేదు సార్." రూట్ కెనాల్ చేస్తూ ఫైలు (పంటి లోపలి కాలువ శుభ్రం చేసే సన్నటి సూది) విరగ్గొట్టని బీడీఎస్ ఈ హాల్లో ఎవరైనా ఉన్నారా? నేను విరగ్గొట్టాను. కింది మోలార్‌లో, మీసియల్ కెనాల్‌లో. ఆ పేషెంటుకి చెప్పాను కూడా. చెప్పాల్సిన కథ అదీ. ఫైలు విరిగాక మీరేం చేశారు, పేషెంటుతో ఏమన్నారు, ఎక్స్‌రే తీశారా, పైవాళ్లని పిలిచారా అన్నదే వాళ్లు చూస్తారు. రాత్రి రెండు గంటలకి హాస్పిటల్లో ఒంటరిగా కాల్‌లో, అంటే పిలిస్తే వెళ్లే డ్యూటీలో, ఉండే మనిషిని ఎంచుకుంటున్నారు వాళ్లు. తప్పు జరిగితే దాచేసేవాళ్లంటే వాళ్లకి భయం.

ఆ ఏడాది అన్నిచోట్లా "మీరేమైనా అడుగుతారా?" అన్నప్పుడు "లేదండీ, వెబ్‌సైట్లో అంతా ఉంది" అన్నాను. గౌరవం అనుకున్నాను. వాళ్లకి అది ఆసక్తి లేనట్టు వినపడింది.

ఒకచోట మాత్రం నేను అడగాల్సిందేమీ లేకుండా వాళ్లే అడిగారు. మీ ఆయన ఎక్కడ పనిచేస్తారు, పిల్లల ఆలోచన ఉందా అని. అమెరికాలో ఉద్యోగానికి తీసుకునేవాళ్లు ఆ ప్రశ్న అడగకూడదు. మనకి అది తప్పుగా అనిపించదు, రైల్లో పక్క సీటావిడ కూడా అడుగుతుంది కదా. నేను చక్కగా అంతా చెప్పేశాను, మా అత్తగారు వచ్చి చూసుకుంటారని కూడా చెప్పాను. మీకు ఎదురైతే గొడవ పడక్కర్లేదు. "ఈ ప్రోగ్రాం పూర్తిచేయడానికి నాకు అడ్డంకులేమీ లేవు" అని చెప్పి ఊరుకోండి. ఆ ప్రశ్న అడిగిన చోటు గురించి మీకేమనిపించిందో కూడా రాత్రికి రాసిపెట్టుకోండి.

జనవరి నెలాఖరులో ఒక ఉదయం ఈమెయిల్ వచ్చింది. మ్యాచ్ కాలేదు, అంటే ఎక్కడా సీటు రాలేదు. ఆ రోజు క్లినిక్‌కి వెళ్లి ఎనిమిది గంటలు సక్షన్ పట్టుకున్నాను. ఆ రోజు గురించి ఇంక చెప్పను.

రెండో ఏడాది ఏం మారింది? బోర్డు అయిపోయింది, మాస్టర్స్ అయిపోయింది, రెజ్యూమేలో కొత్తగా చేరినదల్లా అసిస్టెంటు పని. డాక్టరై ఉండి అసిస్టెంటుగా చేశానని చెప్పడానికి మొదట సిగ్గుపడ్డాను. కానీ వాళ్లకి అది చాలా పనికొచ్చే విషయం. అమెరికా క్లినిక్ ఎలా నడుస్తుందో, మెడికెయిడ్ (పేదలకిచ్చే ప్రభుత్వ బీమా) పేషెంటు ఎందుకు అపాయింట్‌మెంట్‌కి రాడో, చార్టులో ఏం రాయాలో నాకు తెలుసు. మొదటి రోజు నుంచే పని మొదలుపెట్టగలను.

రెండోది, ఒక ముసలమ్మ. ఇంటర్వ్యూలో "మీరు మా దగ్గరికి ఏం తీసుకొస్తారు?" అని అడిగారు. బట్టీ జవాబు నోటి దాకా వచ్చింది, ఎందుకో దాన్ని మింగేసి, ఇంటర్న్‌షిప్‌లో శ్రీకాకుళం దగ్గర పల్లెలో పెట్టిన క్యాంపు గురించి చెప్పాను. అరవై దాటిన ఆవిడ నోరు తెరిస్తే అంగిలి మీద తెల్లటి మచ్చలు, మధ్యలో ఎర్రటి చుక్కలు. "అమ్మా, చుట్ట కాలుస్తావా?" అంటే "అడ్డపొగ బాబూ" అంది. నన్ను బాబూ అనే అంది. నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు. మీకిది కొత్త కాదు, మీలో చాలామంది నాయనమ్మల ఊళ్లలో చూసే ఉంటారు. కానీ ఆ గదిలో ఉన్న నలుగురిలో ముగ్గురు దాన్ని పాఠ్యపుస్తకంలో ఫోటోగా తప్ప చూడలేదు. నాలుగో ఆయన ఓరల్ పాథాలజీ మనిషి, ముందుకి వంగి కూర్చున్నారు. శ్రీకాకుళం పేరు ఆయనకి తెలుసు! డెన్మార్క్‌కి చెందిన పిండ్‌బోర్గ్, బొంబాయికి చెందిన ఫాలీ మెహతా బృందం అడ్డపొగ కాల్చేవాళ్ల అంగిలి మీద ఇక్కడి పల్లెల్లో చేసిన అధ్యయనం 1971లో అచ్చయింది. 10,169 మందిని పరీక్షించారు అందులో. ఇరవై నిమిషాల ఇంటర్వ్యూలో పన్నెండు నిమిషాలు మా శ్రీకాకుళం గురించే నడిచింది.

నల్గొండ నుంచి, కనిగిరి వైపు నుంచి వచ్చినవాళ్లు ఉన్నారా? మీరు చూసినన్ని ఫ్లోరోసిస్ పళ్లు అక్కడ రెసిడెంట్లు జన్మలో చూడరు. మన ఓపీలో రోజుకి ఎన్ని ఎక్స్‌ట్రాక్షన్లు చేస్తామో వాళ్లకి చెబితే నమ్మరు. వెళ్లి తాతగారి కథ చెబుతాం మనం!

ఇక అసలు విషయం, ఎంచుకోవడం. డైరెక్టరు చెప్పేదంతా వినండి, నవ్వండి, నోట్సు రాసుకోండి. తర్వాత రెసిడెంట్లతో విడిగా మాట్లాడే గంట ఉంటుంది. ఆన్‌లైన్ ఇంటర్వ్యూ అయినా చాలా ప్రోగ్రాములు ఆ గంట పెడతాయి. నా లెక్కలో మిగతా రోజంతా ఒక ఎత్తు, ఆ గంట ఒక ఎత్తు. "ప్రోగ్రాం బాగుంటుందా?" అని అడగకండి. బాగుంటుందనే అంటారు, వాళ్లు అక్కడే ఉద్యోగం చేస్తున్నారు. అంకెలు అడగండి. పోయిన నెల మీరు ఎన్ని మోలార్ రూట్ కెనాల్స్ చేశారు? ఇంప్లాంట్ మీరే పెట్టారా, పెడుతుంటే పక్కన నిలబడ్డారా? మీకు అసిస్టెంటు ఉందా, ట్రే కూడా మీరే సర్దుకుంటారా? రాత్రి కాల్ ఎన్ని రోజులకి ఒకసారి? కాల్‌లో ఉన్నప్పుడు అటెండింగ్ (పైనుండే సీనియర్ డాక్టరు) ఫోన్ ఎత్తుతారా?

జీపీఆర్‌లో ఆ చివరి ప్రశ్నకి ప్రాణం విలువ ఉంటుంది. ఎమర్జెన్సీకి లడ్విగ్స్ యాంజైనా కేసు వస్తుంది. గడ్డం కింద రాయిలా వాపు, నాలుక పైకి లేచి ఊపిరి అందదు. యాక్సిడెంట్లో ఊడిన పన్ను పాలల్లో వేసుకుని తల్లి పరుగెత్తుకొస్తుంది. గుండె వాల్వ్ ఆపరేషన్‌కి ముందు, మెడకి రేడియేషన్ ఇచ్చే ముందు "ఈ నోరు సరిచేసి పంపండి" అని పై అంతస్తు నుంచి ఫోన్ వస్తుంది. ఇవన్నీ నేర్చుకోవడానికే వెళ్తున్నాం, నిజమే. కానీ ఫోన్‌కి అవతల ఎవరో ఒకరు ఉన్నప్పుడే నేర్చుకోగలం.

నాకు ఒక ఆస్పత్రిలో జరిగింది చెబుతాను. అప్పుడు ఇంటర్వ్యూలు నేరుగా వెళ్లి ఇచ్చేవాళ్లం. డైరెక్టరు గారు చాలా మర్యాదస్తులు, కొత్త స్కానర్ చూపించారు, త్రీడీ ప్రింటర్ చూపించారు. కిందికి దిగుతున్నప్పుడు లిఫ్టులో ఒక రెసిడెంటు కలిసింది. "ఆ ప్రింటర్‌కి రెజిన్ (దాంట్లో పోసే ముడిసరుకు) అయిపోయి ఆరు నెలలైంది, కానీ ఇక్కడ పేషెంట్లకి లోటు లేదు, మా అటెండింగ్ తెల్లవారుజామున కూడా కారేసుకుని వస్తారు" అంది. పక్క ఊళ్లో ఇంకోచోట పరికరాలన్నీ పనిచేస్తున్నాయి. అక్కడ రెసిడెంట్లని ఏమడిగినా ముందు ఒకరి ముఖం ఒకరు చూసుకుని తర్వాత మాట్లాడారు. నా లిస్టులో ఏది పైన పెట్టానో మీరు ఊహించగలరు.

డబ్బు సంగతి మొహమాటం లేకుండా అడగండి, కాకపోతే డైరెక్టర్ని కాదు, కోఆర్డినేటర్ని. హాస్పిటల్ జీపీఆర్‌లు జీతం ఇస్తాయి. ఆర్థో (పళ్ల వరస సరిచేసేది) వంటి కొన్ని స్పెషాలిటీల్లో మనమే ఫీజు కట్టాలి, ఏడాదికి లక్ష డాలర్లు దాటే చోట్లూ ఉన్నాయి. పేరు రెండింటికీ రెసిడెన్సీనే. ఇంకోటి, రెసిడెన్సీ చేసినంత మాత్రాన అన్ని రాష్ట్రాల్లో లైసెన్సు రాదు. న్యూయార్క్ 2007 నుంచి క్లినికల్ పరీక్షకి బదులు రెసిడెన్సీ అడుగుతోంది, కానీ అది అక్కడి గుర్తింపు పొందిన డిగ్రీ ఉన్నవాళ్ల సంగతి. డీడీఎస్ లేకుండా బీడీఎస్ మీద రెసిడెన్సీ చేసిన మనలాంటివాళ్లకి లైసెన్సిచ్చే రాష్ట్రాలు కొన్నే, వాటిలో ఒక్కోదానిదీ ఒక్కో షరతు. ఏడాది చేశాక ఆ కాగితంతో ఎక్కడ పనిచేయగలమో అప్లికేషన్ ఫీజు కట్టకముందే ఆయా రాష్ట్రాల డెంటల్ బోర్డుల నిబంధనల్లో చదవండి. వాట్సాప్ గ్రూపులో కాదు.

ఇప్పుడు మావయ్య దగ్గరికి వద్దాం.

ఇంటర్వ్యూలయ్యాక మీరొక లిస్టు ఇస్తారు, ప్రోగ్రాములు ఒక లిస్టు ఇస్తాయి, కంప్యూటర్ జత కలుపుతుంది. దీన్ని మ్యాచ్ అంటారు. ఆర్థో, పెరియో వంటివి మొదటి దశలో, జీపీఆర్, ఏఈజీడీ, పీడో, ఓరల్ సర్జరీ రెండో దశలో. పెళ్లిచూపుల్లా ఉందే అనుకుంటున్నారు కదా? ఆ పోలిక మనది కాదు, లెక్కల వాళ్లదే. 1962లో డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ అనే ఇద్దరు కాలేజీ సీట్లనీ పెళ్లి సంబంధాలనీ ఒకే లెక్కతో ఎలా కలపొచ్చో రాశారు. ఆ సిద్ధాంతానికీ, దాన్ని ఆచరణలోకి తెచ్చిన పనికీ ఆల్విన్ రాత్‌కి, షాప్లీకి కలిపి 2012లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు.

లెక్క ఇలా నడుస్తుంది. లావణ్య అనే అమ్మాయి మూడు చోట్లు రాసింది: క, చ, ట. కంప్యూటర్ ముందు ఆమె కోసం క తలుపు కొడుతుంది. అక్కడ ఖాళీ ఉంటే, క తన లిస్టులో ఆమె పేరు రాసి ఉంటే, ప్రస్తుతానికి కూర్చోబెడుతుంది. తర్వాత క వాళ్లకి ఆమెకంటే ఎక్కువ నచ్చినవాళ్లు ఆ తలుపే కొడితే లావణ్య లేవాలి. లేచి చ దగ్గరికి వెళ్తుంది. ఇక్కడే మనవాళ్లు భయపడేది: "అప్పటికే అక్కడ సీట్లు నిండిపోయి ఉంటాయి కదా?" నిండినా పర్వాలేదు. అక్కడ కూర్చున్నవాళ్లకంటే లావణ్య చ వాళ్లకి ఎక్కువ నచ్చి ఉంటే, ముందొచ్చినవాళ్లే లేస్తారు. ఆలస్యంగా వచ్చినందుకు శిక్ష లేదు. అంటే, మీకు బాగా నచ్చినదాన్ని రాదేమో అని తెలిసినా మొదట రాయడం వల్ల మీరు పోగొట్టుకునేది సున్నా. మావయ్య చెప్పినట్టు "వచ్చేదాన్ని" పైన పెడితే మాత్రం, నచ్చినది వచ్చే అవకాశం ఉండి కూడా వదిలేసుకుంటారు.

నేను మొదటి ఏడాది మావయ్య మాటే విన్నాను. ఇంటర్వ్యూ చేసిన నాలుగు చోట్లలో "మీరు మాకు బాగా నచ్చారు" అని మెయిల్ పెట్టినవాళ్లని మొదట రాశాను. ఆ మెయిల్ అందరికీ వెళ్లిందని తర్వాత తెలిసింది. మర్యాదకి జవాబివ్వండి, లిస్టు మాత్రం దాన్నిబట్టి మార్చకండి. మిమ్మల్ని ఎన్నో నంబర్లో రాస్తున్నారని వాళ్లని అడగకూడదు, మీ నంబరు వాళ్లూ అడగకూడదు, అది మ్యాచ్ నియమం.

ఒక్క జాగ్రత్త. ఫలితం వచ్చాక వెనక్కి పోయే వీల్లేదు. మన కౌన్సెలింగ్‌లో లాగా సీటు మార్చుకునే స్లైడింగ్ ఉండదు. చచ్చినా వెళ్లను అనుకున్న చోటు పేరు లిస్టులో రాయనే రాయకండి.

ఇక ప్రశ్నలుంటే అడగండి.

"మేడమ్, మా వారు డాలస్‌లో ఉంటారు. న్యూయార్క్‌లో రెసిడెన్సీ వస్తే వెళ్లాలా?"

ఏడాదే కదా అని నేను అనేయగలను, కానీ ఆ ఏడాది నాది కాదు. మీ ఇద్దరూ లిస్టు ఇవ్వకముందే కూర్చుని తేల్చుకోండి. ఇచ్చాక తేల్చుకున్న జంటల్ని చూశాను, వాళ్ల ఫోన్ బిల్లులూ చూశాను.

"వీసా గురించి ఇంటర్వ్యూలో అడగొచ్చా?"

ఇంటర్వ్యూ దాకా ఆగకండి. అప్లై చేసే ముందే కోఆర్డినేటర్‌కి రెండు లైన్ల మెయిల్ పెట్టండి: ఏ వీసా ఇస్తారు, విదేశీ డిగ్రీవాళ్లని తీసుకుంటారా. కొన్ని ప్రోగ్రాములు అమెరికా, కెనడా డిగ్రీ ఉన్నవాళ్లనే తీసుకుంటాయి. అది తెలియక ఫీజులు కట్టిన లిస్టు నా దగ్గర ఇంకా ఉంది.

"చీర కట్టుకుని వెళ్లొచ్చా మేడమ్?"

వెళ్లొచ్చమ్మా. నేను సూటు వేసుకున్నాను. ప్యాంటు పొడవైపోతే రెండు సేఫ్టీ పిన్నులు పెట్టాను, ఒకటి రెండో ప్యానెల్ ముందు ఊడిపోయింది. కూర్చుని లేవడానికి ఏది సుఖమో అది వేసుకోండి.

"మేడమ్, రెండో ఏడాది మీకు లిస్టులో ఒకటో నంబరు వచ్చిందా?"

లేదు. మూడోది వచ్చింది, ఆ లిఫ్టు ఆస్పత్రి. ఒకటో నంబరు ప్రోగ్రాం వాళ్లు నన్ను ఎన్నో చోట రాశారో నాకు ఎప్పటికీ తెలియదు. వాళ్ల మీద ఇప్పటికీ కొంచెం కోపంగానే ఉంది. రెజిన్ మాత్రం నేను చేరిన రెండో నెలలో వచ్చింది.